ఇంటి డిష్ తోటకు తీసుకెళ్తే టీవీ ఎందుకు రాదు? మెకానిక్‌ను పిలిచే ముందు చూసుకోవాల్సినవి

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల మామిడి తోటలు గుత్తకు పట్టే కుటుంబాలకు ఏటా కొన్ని నెలలు రెండు ఇళ్లు ఉంటాయి. ఒకటి ఊళ్లో, ఇంకొకటి తోటలో. పూత నిలిచి పిందె కట్టిందంటే కాపలా మొదలు. ట్రాలీ ఆటోలో మంచాలు, గిన్నెలు, బియ్యం బస్తా ఎక్కుతాయి. వాటి పక్కన ఇప్పుడు చిన్న టీవీ, డిష్ గొడుగు, ఒక ఇనుప పైపు కూడా ఎక్కుతున్నాయి. కాయ కోసి చల్‌గల్ మార్కెట్‌కు పంపేదాకా ఇల్లంటే అదే.

తోటలో టీవీ షోకు కాదు. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వస్తుందన్న వార్త ఒక పూట ముందు తెలిస్తే కోతకు వచ్చిన కాయనైనా దించుకోవచ్చు. ఈ కొన్నేళ్లుగా రంజాన్ కూడా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే, అంటే తోటలో ఉండే రోజుల్లోనే వస్తోంది. షాబాన్ 29 సాయంత్రం నెలవంక కనిపించిందా లేదా అన్న కబురు కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. ఫోన్ సిగ్నల్ అంతంత మాత్రంగా ఉండే తోటల్లో ఆ కబురు టీవీలోనే తెలియాలి. సరిగ్గా అప్పుడే తెర మీద 'నో సిగ్నల్' అని వస్తుంది. "ఊళ్లో మంచిగనే వచ్చింది గదా, ఇక్కడ ఏమైంది అబ్బా?" అని పిల్లలు అడుగుతారు. ఊరి నుంచి మెకానిక్‌ను పిలిపిస్తే రానూపోనూ ఖర్చు, కూలి. గాలికి డిష్ మళ్లీ కదిలితే మళ్లీ అంతే.

నిజానికి పది సార్లలో తొమ్మిది సార్లు డిష్‌లో చెడిపోయింది ఏమీ ఉండదు. అది చూడాల్సిన చోటుకు చూడటం లేదు, అంతే. దాన్ని సరిచేసుకోవడానికి కావాల్సినవి ఒక పానా, ఒక దారం, కాస్త ఓపిక. దిక్కు తెలుసుకునే పద్ధతి ముస్లిం కుటుంబాల దగ్గర ముందే ఉంది.

డిష్ ఎటు చూస్తుంది?

టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. భూమి ఎంత వేగంగా తిరుగుతుందో అవి కూడా అంతే వేగంగా చుట్టూ తిరుగుతాయి. అందుకే మనకు ఎప్పుడూ ఒకే చోట నిలబడ్డట్టు ఉంటాయి. భూమధ్యరేఖ మనకు దక్షిణాన ఉంది కాబట్టి మన దగ్గర ప్రతి డిష్ దక్షిణం వైపే, కాస్త తూర్పుకు ఒరిగి చూస్తుంది.

ఏ కంపెనీ డిష్ అయితే ఆ కంపెనీ ఉపగ్రహం వైపే తిప్పాలి. నెలనెలా డబ్బు కట్టాల్సిన పని లేని డీడీ ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. ఇప్పుడు అది ఇస్రో తయారుచేసిన జీశాట్-15 నుంచి వస్తోంది. ఈ ఉపగ్రహాన్ని 2015 నవంబరు 11న ఫ్రెంచ్ గయానా నుంచి ప్రయోగించారు. డీడీ యాదగిరి, డీడీ ఉర్దూ రెండూ ఫ్రీ డిష్‌లో వస్తాయి. తోటకు వెళ్లేవాళ్లు ఎక్కువగా దీన్నే పట్టుకెళ్లడానికి కారణం ఖర్చే. రీఛార్జ్ అయిపోయిందన్న బాధ ఉండదు.

మామూలుగా వాడే 60 సెంటీమీటర్ల గొడుగు అంచు ఒక సెంటీమీటరు జరిగితే దాని చూపు ఆకాశంలో ఒక డిగ్రీ మారుతుంది. రెండు డిగ్రీలు తప్పితే బొమ్మ రాదు. ట్రాలీలో కుదుపులకు, దించేటప్పుడు తగిలే దెబ్బలకు అంతకంటే ఎక్కువే కదులుతుంది. ఊళ్లో మంచిగ వచ్చిన డిష్ తోటలో రాకపోవడానికి అసలు కారణం ఇదే.

విప్పేటప్పుడే సగం పని

డిష్ సరిగ్గా కుదరాలంటే మూడు కావాలి. ఎంత పైకి చూడాలి, ఎటు తిరగాలి, ఎల్‌ఎన్‌బీ ఎంత మెలిక తిరిగి ఉండాలి. మెట్‌పల్లి ఇంటి నుంచి ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న తోటకు వెళ్తే వీటిలో మొదటిదీ మూడోదీ దాదాపు మారవు. హైదరాబాద్ దాకా వెళ్లినా ఎత్తులో తేడా ఒక్క డిగ్రీనే.

అందుకే ఇంట్లో డిష్ విప్పేటప్పుడు పైపు చుట్టూ ఉన్న పట్టీ నట్లు మాత్రమే వదులు చేయాలి. గొడుగు వెనక ఎత్తు సరిచేసే నట్లను ముట్టొద్దు. ఎల్‌ఎన్‌బీని కూడా దాని చేయి నుంచి ఊడదీయొద్దు. ఊడదీయక తప్పకపోతే అది ఉన్న తీరున రంగుతోనో, పిల్లల మార్కర్‌తోనో గీత గీసుకోవాలి. చాలామంది సామాన్లలో సర్దడానికి వీలుగా ఉంటుందని అన్నీ విప్పేస్తారు. తోటలో పూటంతా పరేషాన్ అయ్యేది అందుకే.

ఇంట్లో ఇనుప పైపు గోడకు నిటారుగా ఉంటుంది. తోటలో నేలలో పాతిన పైపు ఎటో ఒకవైపు ఒరుగుతుంది. పైపు మూడు డిగ్రీలు ఒరిగితే కదిలించని ఎత్తు కూడా మూడు డిగ్రీలు తప్పినట్టే. కాబట్టి పైపు పాతాక తాపీమేస్త్రీలు చేసినట్టు దారానికి రాయి కట్టి వేలాడదీసి చూడాలి. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి. రెండు వైపులా దారం, పైపు సమానంగా ఉంటేనే పైపు చుట్టూ మట్టి దట్టించి రాళ్లు బిగించాలి.

కిబ్లాతో దిక్కు పట్టడం

తోటలో నమాజు చదివే చోటు మొదటి రోజే కుదురుతుంది. కిబ్లా ఎటో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. మెట్‌పల్లి నుంచి కిబ్లా సూటిగా పడమర కాదు, దాదాపు 11 డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. ఆ దిక్కు తెలిస్తే డిష్ దిక్కు తెలిసినట్టే.

కిబ్లా వైపు నిలబడి ఎడమ చేయి భుజం నుంచి నేరుగా పక్కకు చాపాలి. ఆ చేయి దాదాపు దక్షిణాన్ని, కొద్దిగా పడమర కలిసిన దక్షిణాన్ని చూపిస్తుంది. ఆ వైపున దూరంగా ఉన్న ఒక చెట్టునో స్తంభాన్నో గుర్తు పెట్టుకుని ఇప్పుడు దానికి ఎదురుగా తిరగాలి. పిడికిలి బిగించి చేయి బారుగా ముందుకు చాపితే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. పెద్దవాళ్లకైనా పిల్లలకైనా లెక్క ఇంచుమించు ఇంతే, ఎందుకంటే చేయి చిన్నదైతే పిడికిలీ చిన్నదే. గుర్తు నుంచి ఎడమవైపుకు, అంటే తూర్పు వైపుకు, పిడికిళ్లు లెక్కపెడుతూ పోవాలి.

మెట్‌పల్లి ప్రాంతానికి లెక్క ఇది. ఎత్తు అంటే నేల అంచు సున్నా, నడినెత్తి 90 అనుకున్నప్పుడు ఉపగ్రహం ఉండే చోటు.

టాటా ప్లే: రెండున్నర పిడికిళ్లు, ఎత్తు 67 డిగ్రీలు.
డీ2హెచ్: నాలుగు పిడికిళ్లు, ఎత్తు 65 డిగ్రీలు.
డీడీ ఫ్రీ డిష్: ఐదు పిడికిళ్లు, ఎత్తు 62 డిగ్రీలు.
డిష్ టీవీ: ఐదు కంటే కాస్త ఎక్కువ, ఎత్తు 61 డిగ్రీలు.
ఎయిర్‌టెల్: ఏడు పిడికిళ్లు, ఎత్తు 50 డిగ్రీలు.

సూటిగా పడమరకే నిలబడే అలవాటు ఉన్న చోట వీటిలో ఒక పిడికిలి తగ్గించుకోవాలి.

గొడుగును చూస్తే అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు. ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కింది వైపు ఉండే డిష్‌ల తయారీయే అంత. కంటితో చూసి "ఇది కిందికి ఉంది" అని గొడుగును పైకి ఎత్తితే ఉన్నదీ పోతుంది. వెనక పట్టీ మీద అంకెలు ఉంటే వాటినే నమ్మాలి, అదీ పైపు నిటారుగా ఉన్నప్పుడు.

ఫోన్‌లోని దిక్సూచి వాడేవాళ్లు డిష్ దగ్గరా బండి దగ్గరా నిలబడి చూడొద్దు. ఇనుము పక్కన ఉంటే దిక్సూచి తప్పు చూపిస్తుంది. పది అడుగులు దూరం జరిగి దిక్కు చూసి, గుర్తు పెట్టుకుని రావాలి.

మామిడి చెట్టు అడ్డం

ఎండకు తాళలేక డేరా చెట్టు కింద వేస్తారు. డిష్‌నూ అక్కడే పాతేస్తారు. ఆకుల్లోంచి సిగ్నల్ రాదు. పచ్చి ఆకుల్లో నీరు ఉంటుంది, ఆ నీరు సిగ్నల్‌ను తాగేస్తుంది. ఒక్క కొమ్మ అడ్డం ఉన్నా బొమ్మ పలకలు పలకలుగా విరుగుతుంది. గాలి వీచినప్పుడల్లా బొమ్మ వచ్చి పోతుంటే కొమ్మను అనుమానించాలి.

మన దగ్గర ఉపగ్రహాలు బాగా ఎత్తులో ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. ఫ్రీ డిష్‌కు ఎదురుగా ఉన్న చెట్టు డిష్ కంటే ఎంత ఎత్తుగా ఉందో, అందులో సగానికి కాస్త ఎక్కువ దూరం ఉంటే చాలు. చెట్టు డిష్ కంటే 8 మీటర్లు ఎత్తు ఉంటే, దాని కొమ్మల అంచు నుంచి ఐదు మీటర్లు ఇవతల డిష్ పెట్టుకోవచ్చు. ఎయిర్‌టెల్ ఉపగ్రహం కిందికి ఉంటుంది కాబట్టి దానికి దాదాపు చెట్టు ఎత్తంత దూరం కావాలి.

ఇంకో మాట. డిష్ ఎత్తులో ఉంటేనే బాగా వస్తుందనుకోవడం పొరపాటు. 36 వేల కిలోమీటర్ల నుంచి వచ్చే సిగ్నల్‌కు పది అడుగులు లెక్క కాదు. ఎదురుగా ఆకాశం కనిపిస్తే నేల మీద మోకాలి ఎత్తులో ఉన్న డిష్, డాబా మీద ఉన్న డిష్ రెండూ ఒకటే. పైగా కింద ఉన్నదానికి గాలి దెబ్బ తక్కువ.

తెర మీద ఏ గీత చూడాలి?

టీవీని కాసేపు డిష్ పక్కకే తెచ్చుకుంటే ఒకరు డిష్ దగ్గర, ఒకరు డేరాలో ఉండి "వచ్చిందా?", "రాలే" అని అరుచుకునే బాధ తప్పుతుంది. రిమోట్‌లో మెనూ నొక్కి సిగ్నల్ చూపించే పేజీకి వెళ్లాలి. అక్కడ రెండు గీతలు ఉంటాయి. ఒకటి స్ట్రెంగ్త్, రెండోది క్వాలిటీ.

చాలామంది స్ట్రెంగ్త్ చూసి మోసపోతారు. డిష్ ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నా, ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతుంటే ఈ గీత చాలా బాక్సుల్లో సగానికి పైగానే కనిపిస్తుంది. అది వైరు బాగుందని మాత్రమే చెబుతుంది. మన ఉపగ్రహం దొరికిందని చెప్పేది క్వాలిటీ గీత.

స్ట్రెంగ్త్, క్వాలిటీ రెండూ సున్నా అయితే తప్పు వైరులోనో ఎల్‌ఎన్‌బీలోనో ఉంది. డిష్ తిప్పి లాభం లేదు. స్ట్రెంగ్త్ ఉండి క్వాలిటీ సున్నా అయితే డిష్ దిక్కు తప్పింది, లేదా చెట్టు అడ్డం ఉంది, లేదా పక్క ఉపగ్రహం దొరికింది. ఫ్రీ డిష్, డిష్ టీవీ ఉపగ్రహాల మధ్య దూరం ఒకటిన్నర డిగ్రీలే. గొడుగు అంచు లెక్కన ఒకటిన్నర సెంటీమీటర్లు. ఒకదాని కోసం వెతుకుతూ రెండోదాని మీద ఆగిపోవడం మామూలే.

డిష్‌ను కొంచెం కొంచెంగా తిప్పాలి. ఒక సెంటీమీటరు జరిపి, ఐదు అంకెలు లెక్కపెట్టి, మళ్లీ జరపాలి. సిగ్నల్‌ను గుర్తుపట్టడానికి బాక్సుకు రెండు మూడు సెకన్లు పడుతుంది. గబగబా తిప్పితే సరైన చోటు దాటిపోయినా తెలియదు. అనుకున్న దిక్కుకు అటు ఒక పిడికిలి, ఇటు ఒక పిడికిలి వెతికినా దొరక్కపోతే అప్పుడు మాత్రమే ఎత్తు నట్టు వదులు చేసి ఒక డిగ్రీ పైకో కిందికో మార్చి మళ్లీ వెతకాలి. క్వాలిటీ వచ్చాక ఎల్‌ఎన్‌బీని అటూ ఇటూ కొద్దిగా తిప్పి, ఎక్కువ చూపించిన చోట ఆపాలి. నట్లు బిగించేటప్పుడు చూపు జరుగుతుంది కాబట్టి గీత చూస్తూ ఒక్కో నట్టూ కొంచెం కొంచెంగా బిగించాలి.

వైరు, కనెక్టర్

తోటకు తెచ్చిన వైరు చుట్టలు చుట్టి, మెలికలు తిరిగి ఉంటుంది. రెండు చివర్లలో ఉండే కనెక్టర్లను ముందు చూడాలి. మధ్యలోని రాగి తీగ కొద్దిగా బయటికి, నిటారుగా ఉండాలి. చుట్టూ ఉన్న జాలీ పోగు ఒక్కటి దానికి తగిలినా షార్ట్ అవుతుంది. బాక్సు నుంచి ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు ఈ వైరు ద్వారానే వెళ్తుంది. అందుకే కనెక్టర్ తీసేటప్పుడు, పెట్టేటప్పుడు బాక్సు ప్లగ్ తీసేయాలి. లేకపోతే ఆ ఒక్క పోగు బాక్సుకే ఎసరు పెడుతుంది.

చాలలేదని రెండు వైరు ముక్కలను చేత్తో మెలేసి టేపు చుట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. కరెంటు వైరుకు నడిచినట్టు దీనికి నడవదు. కనెక్టర్లతోనే కలపాలి. ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్‌లోకి మంచు, వాన నీళ్లు దిగితే రాగి నల్లబడుతుంది. ఆ చివర అంగుళం కత్తిరించి కొత్త కనెక్టర్ వేస్తే చాలాసార్లు అదే మందు.

చెడిపోయిందనిపించినా చెడనివి

వాన మబ్బు కమ్ముకున్నప్పుడు బొమ్మ పోతుంది. వాన చినుకులు సిగ్నల్‌ను మింగేస్తాయి. అప్పుడు డిష్‌ను ముట్టుకోవద్దు, మబ్బు పోగానే అదే వస్తుంది. ఆ సమయంలో తిప్పారంటే వాన వెలిసినా రాదు.

మార్చి రెండో వారం, అక్టోబరు మొదటి రోజుల్లో ఉదయం 11 గంటల ప్రాంతంలో ఫ్రీ డిష్ కొన్ని నిమిషాలు ఆగిపోవచ్చు. ఆ వేళకు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు వస్తాడు. ఇది ప్రతి ఉపగ్రహానికీ దాని దాని వేళకు జరిగేదే. దిక్కు దొరకనివాళ్లకు ఇదే ఒక గుర్తు కూడా. ఆ రోజుల్లో ఆ వేళకు సూర్యుడు ఎక్కడ ఉన్నాడో ఉపగ్రహం కూడా అక్కడే.

ఒకటి రెండు ఛానళ్లే పోయి మిగతావి వస్తుంటే తప్పు డిష్‌ది కాదు. ఫ్రీ డిష్‌లో ప్రైవేటు ఛానళ్ల చోట్లను ప్రసార భారతి వేలం వేస్తుంది కాబట్టి ఛానళ్లు వస్తుంటాయి, పోతుంటాయి. మెనూలో ఆటో స్కాన్ చేసుకోవాలి. డబ్బు కట్టే డిష్‌లలో రీఛార్జ్ గురించి సందేశం కనిపిస్తే సంతోషించాలి, ఎందుకంటే సిగ్నల్ వస్తోందని అర్థం. కట్టాక బాక్సును ఆపకుండా ఏదో ఒక ఛానల్‌లో కాసేపు ఉంచాలి. అనుమతి కూడా ఉపగ్రహం నుంచే రావాలి.

బండి మీదే డిష్ బిగిస్తే?

ట్రాలీ మీదో, వ్యాన్ కప్పు మీదో డిష్ బిగిస్తే ఎక్కడికైనా పనికొస్తుంది గదా అని యువకులు అడుగుతుంటారు. బండి కదులుతుంటే మామూలు డిష్ పనిచేయదు. రోడ్డు మలుపు తిరిగితే డిష్ కూడా తిరుగుతుంది. ఓడల్లో ఉపగ్రహాన్ని వెంటాడే యంత్రాలు ఉంటాయి, వాటి ఖర్చు వేరు. ఆగి ఉన్న బండి మీదైనా మనుషులు ఎక్కి దిగినప్పుడు కమానులు ఊగి డిగ్రీ రెండు డిగ్రీలు తప్పుతుంది. అమెరికాలో ఆర్‌వీ అనే ఇల్లులాంటి బండ్లలో తిరిగేవాళ్లు కూడా చాలామంది ఇందుకే డిష్‌ను విడిగా మూడు కాళ్ల స్టాండు మీద నేల మీదే పెట్టుకుంటారు.

బండి బ్యాటరీతో నడిపేవాళ్లు బాక్సు అడాప్టర్ మీద రాసింది చదవాలి. చాలా బాక్సులు 12 వోల్టులతో నడుస్తాయి. పెద్ద లారీల్లో 24 వోల్టులు ఉంటుంది, నేరుగా ఇస్తే బాక్సు కాలిపోతుంది. ప్లస్, మైనస్ తారుమారైనా అంతే.

ఇక బతుకుదెరువుకు ముంబయి, భివండీ వెళ్లేవాళ్లకు మెట్‌పల్లి లెక్క పనికిరాదు. అక్కడ ఫ్రీ డిష్‌కు ఐదు కాదు, ఆరు పిడికిళ్లు. ఎత్తు నాలుగైదు డిగ్రీలు తగ్గించాలి. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు మాత్రం ఇక్కడి బాక్సు పెట్టెలో సర్దుకోవద్దు. మన దేశంలోని డీటీహెచ్ కనెక్షన్లకు అనుమతి దేశం లోపలే. అక్కడ అక్కడి అనుమతి ఉన్న సర్వీసు తీసుకోవడమే క్షేమం.

టీవీ కంటే ప్రాణం ముఖ్యం

తోటల్లో బోరు మోటార్లకు వెళ్లే కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. ఇనుప పైపు నిలబెట్టే ముందు తల ఎత్తి చూడాలి. పైపు ఎటు పడినా తీగకు అందనంత దూరంలో పాతాలి. టీవీ కోసం మోటారు లైను మీద కొక్కెం వేయడం చట్టం ప్రకారం తప్పు, ప్రాణానికీ ముప్పు. ఉరుములు వినబడగానే బాక్సు ప్లగ్‌తో పాటు డిష్ వైరు కూడా ఊడదీయాలి. ఖాళీ జాగాలో నిలబెట్టిన ఇనుప పైపు దగ్గరకు ఆ వేళ పిల్లలను వెళ్లనివ్వొద్దు. గాలివాన హెచ్చరిక వినడానికే డిష్ పెట్టుకున్నారు కాబట్టి ఆ వార్త వినగానే ముందు చేయాల్సిన పని కూడా ఇదే.

సీజన్ మొదట్లో తోటకు చేరిన రోజే, పొద్దు ఉండగానే ఈ పని ముగించుకోవాలి. కుదిరిన తర్వాత పైపు మీద, పట్టీ మీద కలిసేలా ఒక గీత గీసి పెట్టుకుంటే, గాలికి కదిలినా గీతకు గీత కలిపితే చాలు. అప్పుడు షాబాన్ 29 నాడు మగ్రిబ్ నమాజు కాగానే ఇంటిల్లిపాదీ నెలవంక కబురు కోసం నిశ్చింతగా టీవీ ముందు కూర్చోవచ్చు.